రోము మహారాణిని గోదాట్లో వేసిన వైనం

గోదావరిలో కళ్ళజోడు పడేసుకున్నవాళ్ళని చూశాను. చెప్పులు పడేసుకున్నవాళ్ళని చూశాను. మా పక్కింటాయన పెళ్ళివారికి తీసుకెళుతున్న బూరెల గంప మొత్తం పడేసుకుని, వియ్యంకుడికి మొహం చూపించలేక ఆ రేవులోనే పొద్దుగూకేదాకా కూచున్నాడు. వీళ్ళందరూ పాపం చెయ్యి జారి పడేసుకున్నవాళ్ళు. ఒక మహారాణిని, అందులోనూ మొగుడు గుడి కట్టించి మరీ పూజ చేయించిన మహారాణిని, కళ్ళు మూసుకుని, భక్తితో, గురిచూసి నడి గోదాట్లోకి గిరవాటు వేసినవాణ్ణి మాత్రం ఈ కోనసీమ మొత్తానికి నేనొక్కణ్ణే. సాక్షులున్నారా అంటారేమో, రేవు దాటించే పంటినిండా ఉన్నారు. పైగా వాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది. చెపుతాను, నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా ఆవిడ అప్పుడే నవ్వేసింది కనక మీకిక మొహమాటం అక్కర్లేదు.

అప్పటికింకా తెల్లదొరలు మూటాముల్లే సర్దుకోలేదు. నేను కొత్తపేటలో చరిత్ర పాఠాలు చెప్పుకునే కుర్ర మేష్టరుని. ఎంత కుర్ర అంటే, నాకు తెలియని విషయం ప్రపంచంలో ఉండదని గట్టి నమ్మకం ఉన్నంత కుర్ర. మా ఆవిడ సావిత్రి నిండు నెలలతో పురిటికి వాళ్ళ అమ్మమ్మగారింటికి వెళ్ళింది. తల్లి చిన్నప్పుడే పోవటంతో ఆవిణ్ణి పెంచి పెద్దచేసి పెళ్ళి చేసింది ఆ అమ్మమ్మా తాతయ్యలే. ఊరు కొత్తపేటకి దగ్గర్లోనే. సాయంత్రం బడి వదలగానే నడుచుకుంటూ వెళ్ళేవాణ్ణి.

ఆ ఇంట్లో ఒక పసుపుగుడ్డ మూట ఉంది. అందులో మూడు వెండి నాణేలు ఉన్నాయి. చాలా ఏళ్ళ కిందట తాతగారు తోటలో కొబ్బరిమొక్కలకి గోతులు తవ్విస్తుంటే చిన్న కుండ ఒకటి బయటపడింది, దాన్నిండా నాణేలే. తాతగారు వెనకా ముందూ చూడకుండా వాటన్నిటినీ కరిగించి మరచెంబు చేయించుకున్నారు. గడ్డాలవాళ్ళు, గడ్డాలు లేనివాళ్ళు, రోమను చక్రవర్తులందరూ అందులో చేరిపోయారు. ఆ చెంబుతో ఆయన రోజూ మంచినీళ్ళు తాగేవారు. కంసాలి మూసలో పడెయ్యబోతుంటే అమ్మమ్మగారు అడ్డంపడి, ఆడవాళ్ళ బొమ్మలున్న మూడింటిని ఏరి, కొంగున ముడేసుకున్నారట.

"ఆడకూతుళ్ళని నిప్పుల్లో వేస్తారేంటండీ? మొగాళ్ళని కరిగించుకోండి, నేనేం వద్దన్లేదు" అన్నారట.

అప్పటినించీ ఆ ముగ్గురూ ఆవిడ దేవుడి అలమరలోనే ఉన్నారు. పేర్లు తెలియవు కనక పెద్దావిడ, నడిపావిడ, చిన్నావిడ అనేవారు. శుక్రవారం శుక్రవారం మెత్తటి గుడ్డతో తుడిచి చూసుకునేవారు.

నేనూ చూశాను. చూసి నోరు తెరిచాను. నాణెం పావలా కాసంత ఉంటుంది, అంచు ఎగుడుదిగుడు. ఆ కాస్త జాగాలో ఎంత పనితనం! పెద్దావిడ జుట్టు సన్నసన్నటి పాయలుగా అల్లి, తలచుట్టూ తిప్పి, నడినెత్తిమీద ముడి చుట్టి ఉంది. ఒక్కొక్క పాయా విడిగా లెక్కపెట్టుకోవచ్చు. మెడ నిటారుగా, చూపు తిన్నగా, పెదవి మీద నవ్వీ నవ్వని నవ్వు. ఎన్ని వందల ఏళ్ళు మా కొబ్బరిచెట్ల కింద మట్టిలో ఉందో, ఆ దర్జా వీసమెత్తు తగ్గలేదు. నడిపావిడ జుట్టు అలలు అలలుగా దువ్వి వెనక్కి ముడేసుకుంది. చిన్నావిడ ఇంకా పసితనం పోని పిల్ల.

"ముగ్గురి ముక్కూ చూడండి అబ్బాయిగారూ, ఒక్కటే ముక్కు. వీళ్ళు ఒకింటివాళ్ళేనండీ" అనేవారు అమ్మమ్మగారు.

ఇలా ఉండగా తాతగారికి ఉగ్గుగిన్నె ధ్యాస పట్టుకుంది. పుట్టబోయే మునిమనవడికి వెండి ఉగ్గుగిన్నె చేయించాలి. యుద్ధం ధర్మమా అని వెండి కొండెక్కి కూచుంది. ఆయన చూపు పసుపుగుడ్డ మూట మీద పడింది.

"ఊరూ పేరూ లేని బిళ్ళలు. ఎందుకే అవి? గిన్నెలోకి కలిపేద్దాం."

"ఊరూ పేరూ లేదని మీకెవరు చెప్పేరండీ? పెద్దింటి ఆడవాళ్ళు కాకపోతే బొమ్మ ఎందుకేస్తారు?"

"సరే. వీళ్ళు ఫలానా అని తెలిసినవాడు చెపితే జన్మలో ముట్టుకోను. చెప్పలేదూ, వచ్చే వారం కంసాలిని పిలుస్తాను."

అమ్మమ్మగారు మూట తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టారు. "మీరు చదువుకున్నోరు అబ్బాయిగారూ. రాజమండ్రి తీసుకెళ్ళి ఎవరిచేతనన్నా చదివించుకు రండి. వీళ్ళ ప్రాణం మీ చేతిలో ఉందండి" అన్నారు. నేను ఛాతీ విరుచుకుని "మీకెందుకండీ, నేనున్నాను కదా!" అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి, నేను గుర్తుపెట్టుకోలేదు.

రాజమండ్రిలో ఒక రిటైరైన కాలేజీ పంతులుగారు ఉండేవారు. పాత నాణేలంటే ఆయనకి ప్రాణం. నేను మూట విప్పి బల్లమీద పెట్టగానే భూతద్దం పెట్టి చూశారు, కుర్చీలోంచి లేచారు, మళ్ళీ చూశారు, లోపలికి వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చి మళ్ళీ కూచున్నారు.

"ఏవండీ, వీళ్ళెవరో తెలుసా మీకు? రోము మహారాణులు! ఈ పెద్దావిడ ఫౌస్టీనా. ఈ నడిపావిడ ఆవిడ కూతురు, తల్లి పేరే పెట్టారు. ఈ చిన్నపిల్ల లుసిల్లా, ఆ కూతురి కూతురు. అమ్మమ్మ, అమ్మ, మనవరాలు! ముగ్గురూ మహారాణులే! మూడు తరాలు ఒక్క మూటలో, అదీ కొబ్బరిగోతిలో దొరకటం ఏమిటండీ!"

పెద్దావిడ కథ చెపుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. ఆవిడ పోతే చక్రవర్తి తట్టుకోలేకపోయాడట. ఆవిడని దేవతని చేసి నగరం నడిబొడ్డున గుడి కట్టించాడు. ఆవిడ పోయిన తరవాత కూడా ఏళ్ళ తరబడి ఆవిడ బొమ్మతో నాణేలు కొట్టించాడు. నా చేతిలో ఉన్నది అలాంటిదే. వింటుంటే నాకూ ఒళ్ళు గగుర్పొడిచింది.

గుమ్మందాకా వచ్చి, "లోపలి జేబులో పెట్టుకోండి. దార్లో పైకి తియ్యకండి" అన్నారు పంతులుగారు.

"అబ్బే, తియ్యనండీ" అన్నాను.

బస్సులో తియ్యలేదు. ఆ మాత్రం గొప్ప నాకివ్వండి. జొన్నాడ రేవులో దిగి, అవతలి రావులపాలెం గట్టుకి పంటి ఎక్కాను. రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిస్తే అదే పంటి. మనుషులు, మేకలు, సైకిళ్ళు, అరటిగెలలు, అన్నీ దానిమీదే. గోదావరి ఎర్రనీళ్ళతో గట్లు ఒరుసుకుని పారుతోంది. నా గుండె అంతకంటే పొంగి పారుతోంది. ఇంత గొప్ప సంగతి తెలిసి నోరుమూసుకు కూచోవటం ఎవరి తరం చెప్పండి? పైగా చరిత్ర మేష్టరుని! పెద్దావిణ్ణి జేబులోంచి తీశాను.

పక్కనున్న కొబ్బరికాయల వర్తకుడు మెడ సాచాడు. "ఆయ్, ఏంటండీ అది, అంత మురిపెంగా చూసుకుంటన్నారు?"

"మహారాణి అండీ."

"విక్టోరియా రాణిగారాండీ?"

"ఈవిడ ముందు విక్టోరియా నిన్న పుట్టిన పిల్లండీ. రోము మహారాణి! పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందటి మనిషి."

"చెల్లుతుందాండీ?"

"చెల్లటమేమిటండీ! దీని విలువ మీకు తెలియటం లేదు."

"చెల్లనిదానికి విలువేంటండీ?" అన్నాడాయన, నిజంగా తెలుసుకుందామనే.

ఎదురుగా పూలబుట్టతో ఒక ముసలమ్మ కూచుంది. ఆవిడ వంగి చూసి, "నెత్తిమీద ముడేసుకుందేంటి బాబూ? తలంటి పోసుకుందా?" అంది.

ఇంకేముంది, నాకు క్లాసు దొరికింది. లేచి నిలబడ్డాను. నాణేన్ని కుడిచేతి వేళ్ళతో పైకెత్తి పట్టుకున్నాను. రోము నగరం, చక్రవర్తి, ఆయన దుఃఖం, గుడి, అన్నీ చెప్పాను. పంటివాడు గెడ వెయ్యటం ఆపి విన్నాడు. నిజం చెపుతున్నాను, నా బడి పిల్లలు ఒక్కరోజూ అంత శ్రద్ధగా వినలేదు.

ఇప్పుడొక సంగతి మనవి చెయ్యాలి. గోదావరి దాటేటప్పుడు నడిమధ్యలో తల్లికో కాసు వెయ్యటం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అందుకని పంటి ఎక్కుతూనే నేనొక చిల్లు కాణీ తీసి సిద్ధంగా పట్టుకున్నాను. యుద్ధంలో రాగి మిగిల్చటానికి నడిమధ్యన ఇంత చిల్లు పెట్టి కాణీలు కొట్టేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. కుడిచెయ్యి మహారాణితో తీరిక లేకుండా ఉంది కనక కాణీ ఎడంచేతిలో ఉండిపోయింది.

మీ వైపు సంగతి నాకు తెలియదు గాని, మా వైపు పసివాడు కూడా దేవుడికి ఎడంచేత్తో పువ్వు వెయ్యడు. వేస్తే నెత్తిన మొట్టికాయ పడుతుంది. చిన్నప్పుడు నేను తిన్న మొట్టికాయలన్నీ ఆవేళ ఒక్కసారి పనిచేశాయి.

పంటి నడి గోదాట్లోకి వచ్చింది. "గోదారమ్మ తల్లీ, సల్లగా సూడమ్మా!" అని ముసలమ్మ చెయ్యెత్తింది. పంటిమీదున్న చేతులన్నీ లేచాయి. నేను ఉపన్యాసం ఆపి, కళ్ళు మూసుకుని, "తల్లీ, మా సావిత్రికి సుఖంగా కానుపయ్యేట్టు చూడు" అని మనసారా వేడుకుని, కుడిచేత్తో విసిరాను. ఎడంచేత్తో ఎలా వేస్తానండీ?

కళ్ళు తెరిచేసరికి పంటిమీద అందరూ నావంకే చూస్తున్నారు. మేక కూడా నావంకే చూస్తోంది. ఎడంచెయ్యి విప్పితే చిల్లు కాణీ క్షేమంగా ఉంది.

"ఎంత బత్తి బాబూ నీది! వెండి ఏసేసేవా!" అంటూ ముసలమ్మ నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది.

"దాతంటే మీరండీ!" అన్నాడు వర్తకుడు, తలపాగా తీసి చేత్తో పట్టుకుని. "ఇందాకట్నించీ అంత గొప్పగా చెపుతుంటే ఎందుకో అనుకున్నానండి. తల్లికి ఇచ్చేముందు దాని విలువ అందరికీ చెప్పి మరీ ఇచ్చేరు. ఆయ్, మీ బోటోళ్ళు ఉండబట్టేనండి వానలు పడతన్నాయి."

పంటివాణ్ణి పట్టుకుని, "బాబ్బాబు, ఒక్కసారి మునిగి చూడవయ్యా" అన్నాను. వాడు ఆ ఎర్రనీళ్ళ సుడివంక చూసి, నావంక చూసి, "ఇచ్చేక అడక్కూడదండీ, తప్పండీ" అన్నాడు. పంటి మొత్తం "తప్పు, తప్పు" అంది. నేను మిగిలిన ఇద్దరు మహారాణుల్నీ గుప్పిట్లో బిగించి గట్టు దిగాను.

రావులపాలెం నుంచి ఊరిదాకా ఏం చెప్పాలా అని ఆలోచించాను. జేబు చిరిగిందందామా? కత్తిరించారందామా? పంతులుగారు ఉంచుకున్నారందామా? అబద్ధమాడటానికీ కాస్త ధైర్యం కావాలి, అది కూడా గోదాట్లోనే పోయింది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మమ్మగారు వీధి అరుగుమీదే నిలబడి ఉన్నారు. తాతగారు పడక్కుర్చీలో, పక్కన చక్రవర్తుల చెంబు. సావిత్రి గోడకానుకుని కూచుంది.

"ఏమన్నారు అబ్బాయిగారూ? ఎవరన్నారు మా వాళ్ళు?"

ముందు శుభం చెపుదామని, "మహారాణులండీ! అమ్మమ్మ, అమ్మ, మనవరాలు!" అన్నాను.

అమ్మమ్మగారి మొహం చూడాలి ఆ క్షణాన! రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని, చిన్నపిల్లలా, "నే చెప్పలేదూ? ముక్కు చూసి నే చెప్పలేదూ?" అన్నారు. కూచోబెట్టి అంతా చెప్పించుకున్నారు. చక్రవర్తి, గుడి, నాణేలు. "మొగుడుండగానే పోయిందా? అయితే పుణ్యస్త్రీ!" అని కళ్ళు ఒత్తుకున్నారు. చెపుతూ చెపుతూ నాకూ పూనకం వచ్చేసింది, చేసిన ఘనకార్యం మరిచేపోయాను.

"ఏదీ, ఆ మహాతల్లిని ఒకసారి ఇలా ఇవ్వండి, కళ్ళకద్దుకుంటాను" అని చెయ్యి చాపారు ఆవిడ.

గుప్పిట విప్పాను. ఇద్దరే ఉన్నారు.

"అమ్మమ్మగారూ..." అన్నాను. "అమ్మమ్మని గోదాట్లో వేసేశానండీ."

"నన్నా?" అన్నారావిడ.

సావిత్రికి అది చాలింది. నిండు నెలలతో కడుపు పట్టుకుని నవ్వటం మొదలుపెట్టింది. నేను జరిగిందంతా చెప్పాను. కుడిచెయ్యి, ఎడంచెయ్యి, చిల్లు కాణీ. తాతగారు కుర్చీలో లేచి కూచున్నారు.

"బాగుందయ్యా! నేను కరిగిస్తే తప్పు, మీరు ముంచితే చరిత్రా! సరే, అసలైన ఆవిడ ఎలాగూ పోయింది. ఆ మిగిలిన ఇద్దర్నీ ఇటిచ్చెయ్యండి, ఉగ్గుగిన్నెకి సరిపోతారు."

అమ్మమ్మగారు నా చేతిలోంచి ఆ రెండు నాణేలూ తీసుకుని కాసేపు చూశారు.

"తల్లి పోయిన ఆడకూతురు కదండీ ఇది" అన్నారు నడిపావిణ్ణి చూపించి, మెల్లిగా. "ఏడాది తిరక్కుండా దీన్ని శుభకార్యంలోకి ఎలా తీసుకుంటారండీ?"

తాతగారు ఆచారంలో దిట్ట. "పెళ్ళయిన కూతురికి మైల మూడు రోజులేనే!" అన్నారు.

"అది మన శాస్త్రమండీ. వాళ్ళ శాస్త్రం ఏంటో? రోము నుంచి పురోహితుడొచ్చి చెప్పేదాకా ఆగాలి కదండీ."

"ఆయనొచ్చేసరికి మునిమనవడికి మీసాలొస్తాయి! ఇటివ్వు."

అప్పుడు అమ్మమ్మగారు నాణేల్ని కొంగున ముడేసుకుని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "ఏమండీ, ఆ చక్రవర్తి పెళ్ళాం పోతే ఉండబట్టలేక గుడి కట్టించి, ఆవిడ మొహం నలుగురూ మరిచిపోకుండా వెండిమీద కొట్టించేడట. రేపు నేను పోతే మీరు గుడి కట్టించక్కర్లేదు. నాణేలు కొట్టించక్కర్లేదు. ఎవరో మహానుభావుడు కొట్టించినవి కరిగించకుండా ఉండండి, అదే పదివేలు."

తాతగారు ఆవిడ వంక చూశారు. మరచెంబు అందుకుని గటగటా నీళ్ళు తాగి, "ముట్టుకోనులేవే" అన్నారు. నాకైతే ఆవిడకి సాష్టాంగపడాలనిపించింది. పుస్తకాల్లో నేను చదివిన మహారాణులెవరూ ఒక్క మాటతో అంత పెద్ద యుద్ధం గెలవలేదు.

"మరి గిన్నెకి వెండో?" అన్నారు తాతగారు కాసేపాగి.

"చూద్దాం లెండి. ముందు అబ్బాయిగారికి ఒక పని ఉంది."

పనేమిటంటే, పుణ్యస్త్రీ కనక పెద్దావిడ పేర గోదావరికి పసుపు కుంకుమలు, రవికెల గుడ్డ సమర్పించి రావాలి. మర్నాడే వెళ్ళాను. రేవులో బ్రాహ్మణుడు గట్టుమీద కూచోబెట్టి సంకల్పం మొదలుపెట్టాడు.

"పేరండీ?"

"ఫౌస్టీనా."

ఆయన రెండుసార్లు అనిపించుకుని, పలికి, "గోత్రమండీ?" అన్నాడు.

"తెలియదండీ."

"వాళ్ళాయన గోత్రం చెప్పండి పోనీ. ఏం చేస్తారాయన?"

"చక్రవర్తి అండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కాస్త తల తడుపుకోండి బాబూ, ఎండ గట్టిగా ఉంది" అని, ఇంకేమీ అడక్కుండా మంత్రం చదివేశాడు. రవికెల గుడ్డ ఎర్రనీళ్ళమీద ఊగుతూ వెళ్ళిపోయింది. కనిపించినంతమేరా చూశాను. నవ్వుతారేమో గాని నాకు నిజంగా కళ్ళనీళ్ళు తిరిగాయి. అంత అందమైన మొహాన్ని మళ్ళీ నా చేతుల్లో పట్టుకోలేదు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి అరుగుమీద కంసాలి త్రాసు పెట్టుకుని కూచున్నాడు. పరుగున లోపలికెళ్ళి చూస్తే, నడిపావిడా చిన్నావిడా దేవుడి అలమరలో కుంకుమబొట్లతో దర్జాగా ఉన్నారు. హమ్మయ్య అనుకుని బయటికి వచ్చి త్రాసులోకి చూశాను. అందులో ఉన్నది పెళ్ళిలో నాకు పెట్టిన, ఆ ఇంట్లో నేను భోంచేసే వెండికంచం.

"అమ్మమ్మగారూ, ఇది..."

"మీదేనండి" అన్నారావిడ, ఎంతో మర్యాదగా, ఎంతో ప్రేమగా. "వెండి మీ చేతిలో ఉంటే ఎప్పుడు ఎవరికి దానం చేసేస్తారో అని భయమేసిందండి. పుట్టబోయే బిడ్డ గిన్నెలో ఉంటే భద్రంగా ఉంటుంది. మీకు అరిటాకులో పెడతాను, రోజూ కొత్త కంచం."

ఆ గిన్నెలో ఉగ్గుతాగిన మా అమ్మాయి ఇప్పుడు బడికెళుతోంది. ఆ ఇంట్లో నాకు ఈనాటికీ అరిటాకే.

కనక సకల జనులకీ తెలియజేయడమేమనగా: నేను ఇకమీదట జన్మలో నీటిమీద ఉండగా ఎవరికీ చరిత్ర చెప్పను. రాజులు అడిగినా చెప్పను, మేకలు అడిగినా చెప్పను. ఎంత గొప్ప సంగతైనా సరే, నోరు కట్టుకుని, రెండు చేతులూ ఖాళీగా చాపి చూపించి మరీ పంటి ఎక్కుతాను. గట్టు దిగాక మాత్రం నన్ను ఎవరూ ఆపలేరు.